తెగని కూత

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు కేతేపల్లి నుంచి సిగ్నల్ వచ్చింది. వచ్చింది గాని తెగలేదు.

జడ్చర్లలో రైలు పట్టాలకు దగ్గర, రెండు గదుల ఇంట్లో మొయినుద్దీన్ అప్పటికే రేడియో ముందు కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతిలో చాయ్ గ్లాసు. కుడి చేయి బల్ల మీద, ఇత్తడి మీట పక్కన. మీట నొక్కితే డాబా మీది తీగ నుంచి ఒక కూత గాలిలోకి పోతుంది. పొట్టిగా నొక్కితే చుక్క, పొడుగ్గా నొక్కితే గీత. చుక్కలు, గీతలు కూడితే అక్షరాలు. ఈ పనికి సర్కారు పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. మొయినుద్దీన్ దగ్గర ఆ లైసెన్సు ఉంది. బతుకుదెరువు మాత్రం బోరు మోటార్ల వైండింగు.

కేతేపల్లిలో మీట ముందున్న రామచంద్రం మొదట తన గుర్తు కొట్టాడు. మనిషికో నడక ఉన్నట్టు మీట మీద మనిషికో చేయి ఉంటుంది. రామచంద్రం ఆఖరి గీతను ఈడుస్తాడు, చెప్పు తెగినవాడు కాలు ఈడ్చినట్టు. ఆ రోజూ ఈడ్చాడు. ఆ తర్వాత మీట నొక్కిపట్టాడు.

అది ముందే అనుకున్న సంగతి. ఈ రేడియో మనుషులకు ఇంటర్నెట్లో ఒక చాట్ గుంపు ఉంది. ఎవరు ఏ వేళకు, ఏ బ్యాండులో, ఎక్కడ పిలుస్తారో అందులో రాసుకుంటారు. ముందు రోజు సాయంత్రం రామచంద్రం అందులో రాశాడు: “కొత్త తీగ కట్టిన. రేపు మీట జర సేపు ఒత్తి పడత. ఎంత గట్టిగ ఇనొస్తదో చూడు. గాలిలనే చెప్పు.”

గాలిలనే అని చెప్పనక్కర్లేదు. అది గుంపులో అందరికీ తెలిసిన కట్టుబాటు. చాట్‌లో వేళ చెప్పుకోవచ్చు, చోటు చెప్పుకోవచ్చు. రేడియోలో ఏం వినిపించిందో చెప్పకూడదు. చెబితే ఆ కలయిక చెల్లదు. పిలుపు మొదలైన దగ్గర్నుంచి, చివర చెరి రెండు చుక్కలు కొట్టి సెలవు తీసుకునేదాకా చాట్‌లో ఇద్దరూ మౌనంగా ఉంటారు. ఇంకొకటి కూడా ఉంది. ఒకరు మీట ఒత్తిపట్టి తీగను సరిచూసుకుంటుంటే రెండోవారు పైన పడి కొట్టరు. అయ్యేదాకా ఆగుతారు.

మొయినుద్దీన్ ఆగాడు.

కూత సన్నగా, నిలకడగా వస్తోంది. కొత్త తీగ బాగానే పని చేస్తోంది. అతను సిగ్నల్ బలం చూపే రేడియో ముల్లు ఎక్కడ నిలిచిందో చూసుకున్నాడు. ఫోను తీసి చాట్ చూశాడు. రామచంద్రం పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. మనిషి అక్కడే ఉన్నాడన్న మాట. చాయ్ అయిపోయింది. కూత అట్లాగే ఉంది.

లోపలి గది నుంచి భార్య రబియా వచ్చింది.

“ఏందిది? మీ దోస్తు నిద్రపోయిండా మీట మీద?”

“తీ... తీగ సూస్తుండు.”

“నాష్తా చల్లగైతాంది.”

మొయినుద్దీన్‌కు నత్తి. పుట్టినప్పటి నుంచీ ఉంది. మాట మొదట్లోనే నాలుక అంటుకుంటుంది. పదో తరగతిలో పాఠం చదవమన్నప్పుడు నిలబడ్డాడు, పీరియడ్ అయిపోయేదాకా అట్లాగే నిలబడ్డాడు. మరునాటి నుంచి బడికి పోలేదు. పాలమూరులో టెలిగ్రాములు పంపే తారాఫీసులో చిన్నాయన చప్రాసీ. అతనికి రొట్టె తీసుకుపోయేవాడు. అక్కడ మనుషులు నోరు విప్పకుండా చేత్తో మాట్లాడుకోవడం చూశాడు. అది మాత్రం నేర్చుకున్నాడు. తారాఫీసులో కొలువు దొరకలేదు. వైండింగు దొరికింది. మోటారుతో మాట్లాడే పని లేదు. నలభై దాటాక హైదరాబాదు పోయి పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. మీట మీద అతనికి నత్తి లేదు.

రామచంద్రంతో నాలుగేళ్లుగా రోజూ పొద్దున మాట్లాడుతున్నాడు. ముఖం చూడలేదు. గొంతు వినలేదు. ఇద్దరి మధ్యా నడిచే మాటలు తీగలు, వానలు, సిగ్నల్ బలం, మోకాళ్ల నొప్పులు. రామచంద్రం ఏం పని చేస్తాడో మొయినుద్దీన్ అడగలేదు. తన నత్తి సంగతి చెప్పలేదు. రామచంద్రం ఒకసారి చాట్‌లో ఒక నంబరు రాసి, ఇంటామె ఫోను, అవుసరం పడితే, అన్నాడు. ఇప్పటిదాకా అవసరం పడలేదు.

దుకాణానికి వేళయింది. రేడియో ఆపబోయి ఆగాడు.

“ఉం... ఉండనియ్యి దీన్ని. ఆగంగనే ఫోన్ చెయ్యి.”

“నేనింట్ల ఉండాల్నా, దీనికి కాపలా ఉండాల్నా?” అంది రబియా. కాని రేడియో ఆపలేదు.

దుకాణం బాలయ్యది. ఇద్దరూ పాతికేళ్లుగా ఎదురెదురు పీటల మీద కూర్చుంటున్నారు. మాటలన్నీ బాలయ్యవి, మొయినుద్దీన్ తలూపుతాడు. నవంబరు నెల, పత్తి చేలకు నీళ్లు పెట్టే రోజులు. కాలిపోయిన మోటార్లు వరుసగా వచ్చాయి. మొయినుద్దీన్ ఒకదాని కడుపు విప్పి మాడిన రాగితీగను కటింగ్ ప్లయర్‌తో పీకాడు. కమురు వాసన వచ్చింది. అది తెచ్చిన రైతు మోటారు వేసి మరిచిపోయి ఊరికి పోయాడట. నీళ్లు లేని బోరులో అది ఆగకుండా తిరిగి తిరిగి కాలింది.

అతను ప్లయర్ కింద పెట్టి ఫోను తీశాడు. చాట్‌లో హైదరాబాదు కమలాకర్ రాశాడు. ఆయన గుంపును చూసుకునే పెద్దమనిషి. “ఎవరో పొద్దున్నుంచి ఒకే చోట కూత వేస్తున్నారు. ఎవరైనా గానీ తీగ సరిచూసుకునుడు అయిపోతే దయచేసి ఆ చోటు ఖాళీ చేయండి.” కింద ఎవరూ ఏమీ రాయలేదు. రామచంద్రం పచ్చచుక్క వెలుగుతూనే ఉంది.

మొయినుద్దీన్ ‘చాలు, మంచిగ ఇనొస్తుంది’ అని టైపు చేశాడు. పంపితే ఈ పొద్దుటి కలయిక చెల్లదు. చెరిపేశాడు. మోటారులో కొత్త తీగ పెట్టాల్సిన చోట పాత తీగ పెట్టాడు. బాలయ్య చూసి నవ్వాడు.

“ఏంది మొయిన్‌భాయ్, గీ వయసుల ఎవల మీద మనసుపడ్డవు?”

మళ్లీ ఫోను తీసి ఆ మాటే టైపు చేశాడు. ఈసారి పంపాడు. జవాబు రాలేదు.

దుకాణం వెనక పాత మోటార్ల కుప్ప ఉంది. అక్కడికి పోయి ఆ నంబరు కొట్టాడు. ఆడమనిషి ఎత్తింది.

“ఎవలు?”

రామచంద్రం అనే పేరు గొంతులోకి వచ్చింది. మొదటి అక్షరం దగ్గర నాలుక అంటుకుంది. చేతి వేలు తొడ మీద ఆ పేరును చుక్కల్లో గీతల్లో కొట్టింది. నోరు కదల్లేదు.

“ఎవలయ్యా? మాట్లాడవేంది? చేన్ల ఉన్న, పత్తి ఏరుతున్న. పని లేదా నీకు?”

ఫోను పెట్టేసింది. మొయినుద్దీన్ మళ్లీ చేయలేదు. లోపలికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

అన్నం డబ్బా తెరిచినప్పుడు రబియా ఫోను చేసింది.

“ఆ... ఆగిందా?”

“ఆగలే. గొంతు దిగింది దానిది. పొద్దుగాల సన్నగుండె. ఇప్పుడు లావుగైంది, ముసలి మనిషి మూలిగినట్టు. నాకు భయమైతాంది జీ. నేను పక్కింట్ల కూసుంట.”

వేడెక్కిన యంత్రం కూత కిందికి జారుతుంది. అది అతనికి తెలుసు. ఇంత సేపు వేడెక్కనిచ్చే మనిషి కాడు రామచంద్రం, అదీ తెలుసు. డబ్బా మూసి బాలయ్య ముందు నిలబడ్డాడు. చెప్పాల్సింది రెండు ముక్కలు. చెప్పడానికి చాలా సేపు పట్టింది. బాలయ్య జోకు వేయలేదు. చేతికి అంటిన వార్నిష్ తుడుచుకుని ఫోను తీసుకున్నాడు.

“అమ్మా, జడ్చర్ల నుంచి మాట్లాడుతున్న. మీ ఆయన రేడియో దోస్తు మా కాడ పని చేస్తడు. మీ ఆయన ఏడున్నడు?”

“ఇంట్లనే ఉన్నడు.” ఆమె పేరు సోమమ్మ. ఫోనులో గట్టిగా మాట్లాడుతుంది, పక్కన ఉన్నవారికి వినిపించేలా. “నేను చేనుకు వచ్చేటప్పుడు చెవులకు గవి పెట్టుకొని, బల్ల మీద తల ఆనిచ్చి ఇంటుండె. గట్లనే ఇంటడు రోజూ. పిలిస్తే పలకడు. చాయ్ పక్కన పెట్టి వచ్చిన.”

“తాగిండా?”

అవతల ఎవరో కూలీ నవ్వుతూ ఏదో అంటోంది. సోమమ్మ ఆమెను ఊరుకోమంది.

“పోయి చూడమ్మా. జర తొందరగ పో.”

చేనుకూ ఊరికీ నడక ఉంటుంది. బాలయ్య పని మొదలు పెట్టలేదు. మొయినుద్దీన్ మొదలు పెట్టాడు. చేతులు ఊరుకుంటే వేళ్లు తొడ మీద కొడుతున్నాయి. మూడున్నర ప్రాంతంలో ఫోను మోగింది. రబియా.

“ఆగింది. ఇగో ఇప్పుడే. పక్కింట్లకే ఇనొచ్చింది, ఆగింది అని ఉరికొచ్చిన.” ఆమె గొంతులో బరువు దిగిన తేలిక. “మీ దోస్తు మంచిగనే ఉన్నడు. ఆగినంక జర సేపటికి టిక్ టిక్ కొట్టిండు.”

“రెం... రెండా?”

“రెండే. రోజూ గంతే గద. ఆయన రెండు, మీరు రెండు. మీరు కొట్టంగనే నేను రొట్టె పెనం మీదేస్త. నాకు తెల్వదా? మీరు లేరు గద, ఎవలు కొడ్తరు మళ్ల?”

మొయినుద్దీన్ ఆ మాటే బాలయ్యకు చెప్పాడు. బాలయ్య చాయ్ తెప్పించాడు. చాయ్ తాగిన కాసేపటికి కేతేపల్లి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడింది పక్కింటి ఐలేశం.

“రామచంద్రం పోయిండన్నా. ఆర్ఎంపీ డాక్టరు వచ్చి చూసిండు, పోయి శానా సేపైందన్నడు. మనిషి బిగుసుకపోయిండు. చెయ్యి గా మీట మీదనే ఉండె. ఇడిపించనీకి మా పానం మీదికొచ్చింది.”

బాలయ్య ఫోను చేత్తో మూసి చెప్పాడు. మొయినుద్దీన్ ఒక్క సంగతి అడగమన్నాడు. చేయి తీసేటప్పుడు మీట ఎవరైనా కొట్టారా అని.

“ఎవలు కొడ్తరన్నా? కరెంటు కొడ్తదని అందరు భయపడ్డరు. నేనే ముందుగాల బ్యాటరీ తీగ పీకి అవతల పారేసిన. గప్పుడే మనిషిని ముట్టిన.”

మర్నాడు మొయినుద్దీన్ తొలి బస్సు ఎక్కాడు. కేతేపల్లి చేరేసరికి ఎండ ఎక్కింది. రామచంద్రాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. పొడుగు మనిషి. నుదుటి మీద కుంకుమ, కణతల దగ్గర హెడ్‌ఫోన్ల ఒరుపు. ఊరికి నల్లా నీళ్లు వదిలే పని చేసేవాడని అక్కడే తెలిసింది. రోజూ పొద్దున పంచాయతీ మోటారు వేసేది అతనే. ఆ మోటారు ఒకసారి కాలితే జడ్చర్ల నుంచి బాగై వచ్చిందని ఐలేశం చెప్పాడు.

మొయినుద్దీన్ తన పేరు చెప్పడానికి నోరు తెరిచాడు. రాలేదు. అంతసేపూ సోమమ్మ అతని ముఖమే చూస్తోంది.

“నిన్న నా ఫోనుకు మాట్లాడనోడివి నువ్వేనా అన్నా?”

అతను తలూపాడు.

“గిట్లని నాకు తెల్వక కోప్పడ్డ.” ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. “ఆయన మస్తు చెప్తుండె నీ గురించి. జడ్చర్లల ఒకాయన ఉన్నడు, మొదలువెడితే ఆగడు, శానా మాటకారి అని.”

ఆమె అతన్ని లోపలికి తీసుకుపోయి, ఇది నువ్వే తీసుకపో, నాకెందుకు, అంది. బల్ల అట్లాగే ఉంది. చాయ్ గ్లాసులో మీగడ కట్టి చీమలు పట్టాయి. బ్యాటరీ గోడవార ఉంది, పీకిన తీగ ఇంకా నేల మీదే ఉంది. మొయినుద్దీన్ బల్ల ముందు కూర్చున్నాడు. నిన్న రబియా విన్న రెండింటికి జవాబుగా తను కొట్టాల్సిన రెండు చుక్కలు బాకీ ఉన్నాయి. మీట మీద వేలు పెట్టి నొక్కాడు. అది కదల్లేదు. గోరు కింద పెట్టి పైకి లేపబోయాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి దాని మొనతో లేపబోయాడు. రోజంతా కరెంటు పారి మీట పై బిళ్ల, కింది బిళ్ల కరిగి ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మీట పైకి లేవలేదు.