వెనక సీటు, ఎడం పక్క

పిన్ని బండి కింద వెల్లకిలా పడుకుని సైలెన్సర్ గొట్టాన్ని వేలి కణుపుతో తట్టి చూసింది. తుప్పు తిన్న గొట్టం చిల్లు డబ్బాలా మోగుతుంది, గట్టిది కంచు గిన్నెలా మోగుతుంది. ఇది గిన్నెలాగే మోగింది. "దీనికింకా ఆయుష్షుంది" అని పైవాళ్లకి చెప్పి, పక్క బండి కిందికి పాకింది.

షెడ్డులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. షెడ్డు యజమాని ఆమె మరిది. అతనికి వదిన, తక్కిన అందరికీ పిన్ని. భర్త చనిపోయిన ఏడాది, ఆయన వెల్డింగ్ ముసుగు ఎవరికివ్వాలా అని మరిది తర్జనభర్జన పడుతుంటే, "ఏదీ, నా తలకి చూడు" అంది. వదులైంది. లోపల పాత దుప్పటి ముక్క మడిచి కుట్టుకుంది. అప్పటినుంచి పొగ గొట్టాలు అతకడమే పని. ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. ఏళ్ల తరబడి పడుకుని పనిచేసిన మెడ కదా, నిలబడ్డప్పుడు కూడా ఆమె ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టే ఉంటుంది.

ఆ ముసుగు పెట్టుకోవడం ఇవాళే ఆఖరు. కళ్లకి ఆ మంట వెలుగు ఇక పడదని డాక్టరు తేల్చేశాడు. ఊరికి అవతలి కొసన చెల్లెలికి మొక్కల తోట ఉంది. రేపటినుంచి అక్కడ నీళ్లు పెట్టడం. మరిది నలుగురినీ పిలిచి దండ వేయిద్దామన్నాడు. దండ వద్దు, పని ఉంటే చెప్పమంది.

పని తనంతట తనే వచ్చింది. గేటు దగ్గర బూడిదరంగు కారు ఆగగానే మరిది తల పట్టుకున్నాడు.

ఆ కారు ఒక దర్జీ అమ్మాయిది. సెకండ్ హ్యాండ్‌లో కొంది. కొన్న నెలకే డాష్‌బోర్డు మీద ఇంజన్ దీపం వెలిగింది. పొగలోని విషాన్ని విరిచే డబ్బా ఒకటి ఉంటుంది, కన్వర్టర్ అంటారు. దానికి ముందొక సెన్సర్, వెనకొక సెన్సర్. స్కానర్ తెర మీద వెనకదాని గీత నిలకడగా ఉంటే డబ్బా పనిచేస్తున్నట్టు. ఎగిరెగిరి పడుతుంటే, డబ్బా పోయిందని బండి దీపం వెలిగిస్తుంది. షెడ్డులో స్కానర్ చూసేవాణ్ణి అందరూ మీటరయ్య అంటారు. అతను మొదటిసారి దీపం ఆర్పి పంపాడు. మళ్లీ వెలిగింది. వెనక సెన్సర్ మార్చాడు. మళ్లీ వెలిగింది. చివరికి కన్వర్టరే కొత్తది తెప్పించారు, పిన్ని తన చేత్తో అతికింది. ఇదిగో, మళ్లీ వచ్చింది.

రేపు ఆ కారుకి పొగ పరీక్ష. దీపం వెలుగుతుంటే లోపలికే రానివ్వరు. నెగ్గకపోతే తుక్కుకి వేసేస్తానని దర్జీ అమ్మాయి మొగుడు ఒట్టు పెట్టుకున్నాడట. అప్పుడు కుట్టిన బట్టల మూటలు ఎవరు మోస్తారు, మోకాళ్ల వైద్యానికి అత్తగారిని ఎవరు తీసుకెళ్తారు? ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేదు.

"ఇంకో కొత్త డబ్బా వేసేద్దాం వదినా, పీడా వదులుతుంది" అన్నాడు మరిది.

"మొన్న వేసిందే కొత్తది. అది పోయిందని ఎలా నమ్మను?" అంది పిన్ని. మూడుసార్లు తిరిగొచ్చిన బండిని వెనక వదిలేసి, మొక్కలకి నీళ్లు పోస్తూ నిద్రపోలేనని ఆమెకు తెలుసు.

దర్జీ అమ్మాయి అత్తగారిని దింపి బెంచీ మీద కూచోబెట్టింది. భారీ మనిషి, బెంచీ కిర్రుమంది. కారు లిఫ్ట్ మీద పైకి లేచింది. పిన్ని ఇంజన్ ఆన్ చేయించి, పొగ గొట్టం కొసకి తడి గోనె కుక్కించి, మేకుకి వేలాడే రబ్బరు గొట్టం తీసి ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసతో ప్రతి అతుకూ తడిమింది. ఎక్కడ గాలి తప్పించుకున్నా ఆ గొట్టంలో బుసలా వినపడాలి. ఏమీ లేదు. తెర మీద గీత కూడా బుద్ధిగా సాగుతోందని మీటరయ్య చెప్పాడు.

"నేనెక్కినప్పుడే వెలుగుతుందమ్మా" అంది బెంచీ మీదినుంచి అత్తగారు, కొంగుతో విసురుకుంటూ. "మా కోడలు ఒక్కతే పోతే నోరెత్తదు. బండికి కూడా నేనంటే గిట్టదు."

"అత్తయ్యా, మీరూరుకోండి" అంది కోడలు. మీటరయ్య కిసుక్కున నవ్వాడు.

పిన్ని నవ్వలేదు. చెవిలోంచి గొట్టం తీసింది. "మీరెక్కడ కూచుంటారు పెద్దమ్మా?"

"వెనక, ఎడం పక్క. ముందు కూచుంటే మోకాళ్లు మడవలేను."

పిన్ని అలాగే నిలబడిపోయింది. కారు వచ్చిన ప్రతిసారీ ఈవిడతో అందరూ అన్న మొదటి మాట, దిగి అలా కూచోండి అని. తనూ అంది. ఖాళీ బండినే చూశారు, అదీ చక్రాలు గాల్లో వేలాడేసి.

"మరిదీ, గుంత తెరువు."

బండిని నేల మీదే ఉంచి కింద నిలబడి పనిచేసే గుంత అది; లిఫ్ట్ కొన్నాక దాని మీద పలకలు పరిచి, వాటి మీద పాత బ్యాటరీలు పేర్చారు. మరిది గొణుక్కుంటూనే అవన్నీ తీయించాడు. కారును గుంత మీదికి తోసి ఇంజన్ ఆన్ చేశారు, పిన్ని లోపలికి దిగింది.

"నువ్వు కింద, నేను పైనా?" అత్తగారు తలుపు దగ్గర ఆగిపోయింది. "నా మీద నాకే నమ్మకం లేదు తల్లీ."

"మోసేది బండి పెద్దమ్మా, నేను కాదు. ఎక్కండి."

ఆవిడ ఎక్కింది. బండి ఎడమకి ఒరిగి కిందికి దిగింది. అంతవరకు ఇరుసుకి వేలెడు పైన ఉన్న గొట్టం వెళ్లి ఇరుసు మీద ఆనింది. మునుపటి ఆసామి ఎవరో తెగిన రబ్బరు బదులు ఇనప తీగతో కట్టి ఊరుకున్నాడు. ఇరుసు గొట్టాన్ని పైకి ఎగదన్నుతోంది. పిన్ని కన్వర్టర్ వెనక, గొట్టం పైవైపుకి రబ్బరు కొస జరిపింది. చెవిలో బుస్సుమంది. తను వేసిన అతుకు చెక్కుచెదరలేదు, దాని పక్కనే పాత గొట్టం పైభాగాన వెంట్రుకంత చీలిక. ఇరుసు ఎగదన్నినప్పుడే అది విచ్చుకుంటోంది, అందులోంచి బయటి గాలి చొరబడితే వెనక సెన్సర్ తప్పు చెబుతుంది.

"పిన్నీ, గీత ఎగురుతోంది!" అన్నాడు పైనుంచి మీటరయ్య.

"దిగండి పెద్దమ్మా." గీత నిలిచింది. "ఎక్కండి." ఎగిరింది. మూడోసారి అవసరం లేదు. అయినా దింపి ఎక్కించింది.

"నీకు సరదాగా ఉందా ఏంటి?" అంది అత్తగారు ఆయాసపడుతూ.

"చాలా" అంది పిన్ని. గుంతలో ఒక్కతే, మసి ముఖంతో, పళ్లన్నీ కనపడేలా నవ్వుకుంది.

తీగ కోసేసి కొత్త రబ్బర్లు తగిలించింది. గొట్టాన్ని ఇరుసుకి అందనంత ఎత్తుకి వంచింది. ముసుగు దించుకుని చీలిక మూసింది. ఆ నీలి మంటను ఆమె రోజూకన్నా ఒక్క క్షణం కూడా ఎక్కువ చూడలేదు. చల్లారాక దీపం ఆర్పించింది. మరిది బండి తీశాడు, మీటరయ్య పక్కన, వెనక ఎడం పక్క అత్తగారు, ఆవిణ్ణి ఆనుకుని పిన్ని. గతుకులన్నీ వెతికి మరీ ఎక్కించారు. గీత కొలబద్ద పెట్టి గీసినట్టే ఉంది. తిరిగొచ్చేసరికి గేటులో నిలబడ్డ కోడలు వాళ్ల ముఖాలు చూసి, ఏమీ అడక్కుండానే ఏడ్చేసింది.

"ఏడుస్తావేమే? కనిపెట్టింది నేనే" అంది అత్తగారు.

సాయంత్రం పిన్ని చేతులు కడుక్కుంది. ముసుగు మరిది బల్ల మీద పెట్టింది. రోజూలాగే వెళ్లొస్తానంది, రోజూలాగే మరిది తలెత్తకుండా ఊఁ అన్నాడు. ఆమె వీధి మలుపు తిరిగాక లేచి గేటు దాకా వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో ఫోను మోగింది. పరీక్ష నెగ్గామని అత్తగారే అరిచి చెప్పింది. నన్ను కూడా ఎక్కించుకునే చూడమన్నాను, చూశారు అంది. పిన్నిని పిలవమంది. మరిది గోడవైపు చూసి, తోటకి ఫోను చేసి చెబుతాలే అన్నాడు.

మేకుకి రబ్బరు గొట్టం వేలాడుతోంది, చెవికి ఆనే కొస నున్నగా అరిగి, రెండో కొస మసిబారి.