నూటికి నూట పద్దెనిమిది

తప్పు నాదేనని మొదటే ఒప్పేసుకుంటున్నాను. ఆపైన ఎవరేమనుకున్నా నాకు ఖాతరు లేదు. నాకు ముక్కుమీదే కోపమని మా లాండ్రీలో అందరికీ తెలుసు. మిషన్లకి కూడా తెలుసంటుంది వదిన. ఆ వదిన కుడికాలు ఉంచుతారా, తీసేస్తారా అన్నది ఆ పొద్దున తేలాలి. ఆసుపత్రిలో ఆవిడ మంచం పక్కన ఇనుప కుర్చీలో కూర్చుని డాక్టరు కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన భాష వదినకి రాదు, వదిన భాష ఆయనకి రాదు. మధ్యలో నేను, రెండూ పొడిచేసినట్టు.

వదిన నాకు వరసకి ఏమీ కాదు. ఈ దేశం వచ్చిన మొదటి రోజునే లాండ్రీలో ఇస్త్రీ రోలరు ముందు మా ఇద్దరినీ జతగా నిలబెట్టారు. హోటళ్ళ దుప్పట్లు తడితడిగా బండ్లలో వస్తాయి. చెరో కొసా పట్టుకుని, ఒకే క్షణంలో, ఒకే వేగంతో రోలరుకి అందించాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే దుప్పటి మెలిపడి మిషను ఆగిపోతుంది, సూపర్‌వైజరు నోటికి పని పడుతుంది. నేను తొందరపడితే వదిన, "నిదానం తల్లీ, దీన్నెవరూ ఎత్తుకుపోరు," అనేది. ఆవిడ భర్త వేరే ఊళ్ళో కట్టడం పనిలో ఉంటాడు, నెలకోసారి వస్తాడు. ఆయన్ని అన్నయ్యా అంటాను కాబట్టి ఈవిడ వదిన అయింది. అన్నయ్య రాని రోజులన్నీ ఆవిడకి నేను, నాకు ఆవిడ.

మూడేళ్ళ కిందట ఆరోగ్యకేంద్రం వాళ్ళకి మామీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. బయటి దేశాలనుంచి పనికొచ్చిన ఆడవాళ్ళకి షుగరు ఎక్కువగా వస్తోందట. రాకముందే ఆపాలట. అది మాలో ఒకరు చెబితేనే మిగతావాళ్ళు వింటారట. కాస్త భాష వచ్చిన పాపానికి నన్ను పట్టుకున్నారు. ఎనిమిది రోజుల శిక్షణ, ఒక నీలం సంచీ, అందులో వేలు గుచ్చి రక్తం చూసే చిన్న మిషను, నడుం కొలిచే టేపు. "షుగరక్క" అన్న పేరు మాత్రం మావాళ్ళే ఇచ్చారు.

ఆదివారం పొద్దున మా క్వార్టర్స్ కింద బట్టలుతికే గదిలో సమావేశాలు. వారమంతా ఉతికే మనుషుల్ని సెలవు రోజున కూడా ఉతికే మిషన్ల మధ్యే కూర్చోబెట్టాలన్న బుర్ర ఏ మహానుభావుడిదో నాకు తెలీదు. టేపు తియ్యగానే వెనకనుంచి ఒకామె, "జాకెట్టు కుట్టిస్తావా షుగరక్కా? చేతులు మోచేతిదాకా పెట్టించు!" అంది. గదంతా ఘొల్లుమంది. రోజూ అరగంట నడవాలని చెబితే మాత్రం ఎవరూ నవ్వలేదు. పది గంటలు నిలబడి వచ్చే మనుషులు నన్ను ఎగాదిగా చూశారు. ఆ చూపులకి నాకే సిగ్గేసింది.

అయినా బతిమాలి, తిట్టి, ఒప్పించాను. మూడో అంతస్తు నడవాలో ఆ కొసనుంచి ఈ కొసకి, కింద ఇళ్ళవాళ్ళకి చప్పుడు వినబడకుండా, మేజోళ్ళతో నడిచేవాళ్ళం. అందరికన్నా ముందు వదినే ఉండేది. "రండమ్మా రండి, పెళ్ళికొడుకు చివర్న నిలబడున్నాడు," అని అందర్నీ లాక్కుపోయేది. లాండ్రీలో ఊరికే ఇచ్చే తియ్యటి డబ్బా పానీయం మానమంటే మొదట మానింది కూడా ఆవిడే.

రక్తపరీక్ష మాత్రం పనిరోజున పెట్టారు, షిఫ్టుకి ముందు, పరగడుపున. ముప్ఫైమంది వరసలో ఉన్నారు. వదిన వేలు గుచ్చాను. నూట పద్దెనిమిది వచ్చింది. పక్కనున్న నర్సు వాళ్ళ భాషలో నాకు వివరంగానే చెప్పింది. వంద దాటకూడదు, నూట ఇరవయ్యారు దాకా వెళ్తే జబ్బే, ఈమె మధ్యలో ఉంది, ఇప్పుడు జాగ్రత్తపడకపోతే వచ్చేస్తుంది, ఈమెని మాత్రం వదలకు అంది. అదంతా విడమరిచి చెప్పే తీరిక నాకెక్కడిది? వెనకనుంచి "కానివ్వవే తల్లీ, బస్సు పోతుంది" అని ఒకటే గోల.

"బోర్డర్‌లో ఉన్నావు వదినా," అన్నాను.

వదిన మొహం వెలిగిపోయింది. "బోర్డరా? పాసే కదా! పదో తరగతిలోనూ నేను బోర్డర్ పాసేనే. మా లెక్కల మాస్టారు నోరెళ్ళబెట్టాడు. ఇప్పుడు చూడు, నూటికి నూట పద్దెనిమిది!"

వరసలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ ఎప్పుడూ ఆడే హాస్యమే అనుకున్నాను. మనలో బోర్డరంటే గట్టెక్కినట్టేనని నాకు మాత్రం తెలీదా? తెలుసు. ఆ క్షణాన తట్టలేదు. "తర్వాతివాళ్ళు రండి," అన్నాను.

ఆ ఆదివారం వదిన రాలేదు. పై ఆదివారమూ రాలేదు. అడిగితే, "నాకెందుకే? అవసరమున్నవాళ్ళకి చెప్పుకో," అంది. ఒళ్ళు మండిపోయింది నాకు. సెలవు రోజు నిద్ర మానుకుని నేను ఊడిగం చేస్తుంటే, నా సొంత మనిషి చేసే నిర్వాకం ఇదా! "నీ ఇష్టం, నీ ఒళ్ళు," అనేసి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రోలరు దగ్గర దుప్పటి మాత్రం ఇద్దరం సమంగానే అందించేవాళ్ళం. మానేసినవాళ్ళ పేరు ఎదుట కారణం రాసి ఆరోగ్యకేంద్రానికి ఇవ్వాలి. వదిన పేరు ఎదుట వాళ్ళ భాషలో "ఆసక్తి లేదు" అని కసిగా రాశాను. ఏడాది తిరిగేసరికి కార్యక్రమం అయిపోయిందని సంచీ, టేపు, మిషను పట్టుకుపోయారు. నన్ను మడతల విభాగానికి మార్చారు.

ఆ రక్తపరీక్ష జరిగిన మూడేళ్ళకి, ఒకరోజు రోలరు కింద గొట్టం కారి వేడినీళ్ళు వదిన బూటులోకి పోయాయి. పాదం ఎప్పుడో మొద్దుబారిపోయింది కాబోలు, ఆవిడకి తెలియనే లేదు. ఇంటికెళ్ళి మేజోడు తీస్తే దాంతోపాటు చర్మం ఊడొచ్చింది. నొప్పి లేదు కాబట్టి ఫరవాలేదనుకుంది. గుడ్డ చుట్టుకుని పదహారు రోజులు నిలబడి పనిచేసింది. పదిహేడో రోజు జ్వరంతో రోలరు ముందే పడిపోయింది.

ఆసుపత్రిలో చూస్తే షుగరు నాలుగు వందల పైన ఉంది. ఆ సంగతి చెబితే నవ్వింది పిచ్చి మనిషి.

"నాకు షుగరెక్కడిదే? నువ్వే గుచ్చి చూసి పాసన్నావుగా! ఫెయిలైనవాళ్ళకి ట్యూషన్ చెప్పుకుంటున్నావు, చోటు లేని ఆ గదిలో మధ్యన నేనెందుకు అడ్డమనే కదా రావడం మానేశాను."

నాకు అడ్డం కాకూడదని మానేసిన మనిషిని మూడేళ్ళపాటు మనసులో తిట్టుకున్నాను. "పాసు కాదు వదినా, నేను సరిగ్గా చెప్పలేదు" అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. పొద్దున చెబుదాంలే అనుకున్నాను.

పొద్దున డాక్టరు వచ్చాడు. నెరిసిన గడ్డం, నెమ్మదైన మాట. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు వీలు చిక్కలేదు. కట్టు విప్పి చూశాడు. పాదం నల్లబడి ఉంది. ఇంక ఆగితే ప్రాణానికే ముప్పని, మోకాలి కిందికి తీసెయ్యాలని, అదీ ఈరోజేనని చెప్పాడు. ఆ మాట నా నోటితో వదినకి చెప్పాను.

వదిన ఏడవలేదు. తన మీదున్న దుప్పటి అంచుని వేళ్ళతో సరిచేసింది. "నిలబడే పని తప్ప నాకింకేం వచ్చే?" అంది. "పని లేకపోతే ఇక్కడ ఉండనివ్వరు కదా."

డాక్టరు ఫైలు తిరగేస్తూ ఒక కాగితం దగ్గర ఆగాడు. మూడేళ్ళ కిందటే ఈమెని హెచ్చరించినట్టుంది, ఆసక్తి లేక మానేసిందని రాసి ఉంది, ఎందుకలా చేసిందో అడుగు అన్నాడు. అది నా చేతిరాత.

"ఏమంటున్నాడే?" అంది వదిన.

"కాలు ఎన్నాళ్ళ కింద కాలిందని."

ఆవిడ రోజులు లెక్కపెట్టి చెప్పింది. నేను డాక్టరుతో, సెలవు దొరక్క రాలేకపోయిందట అన్నాను. ఆయన తలూపి రాసుకున్నాడు.

అప్పుడు వదిన నా చెయ్యి పట్టుకుంది. జ్వరంతో ఆ చెయ్యి కాలిపోతోంది. "ఒక్కటడుగు ఆయన్ని. ముందే తెలిసి, నేను జాగ్రత్తపడి ఉంటే ఈ కాలు దక్కేదా? నా మొహం చూసి మొహమాటపడొద్దను. ఉన్నదున్నట్టు చెప్పమను."

అడిగాను. అది మాత్రం ఉన్నదున్నట్టే అడిగాను. తప్పకుండా దక్కేదన్నాడు డాక్టరు. అప్పట్లో తిండీ నడకా చూసుకుని ఉంటే అసలు జబ్బే రాకపోయేదేమో, వచ్చినా మందులతో కాలు నిలిచేదన్నాడు. వదిన ఆయన వైపు చూడలేదు. నా పెదవుల వైపే చూస్తోంది.

చెప్పాలి. చెప్పి, కాళ్ళమీద పడి, నన్ను చంపేసినా ఫరవాలేదు వదినా అనాలి. నోరు తెరిచాను.

"దక్కేది కాదట," అన్నాను. "ముందే తెలిసినా ఇంతేనట."

"హమ్మయ్య," అంది వదిన. నిజంగానే అంది. కళ్ళు మూసుకుని తల దిండుమీద వాల్చింది. "అయితే నా చేతులారా చేసుకున్నది కాదన్నమాట. మీ అన్నయ్య ఏమంటాడోనని ఒకటే బెంగగా ఉంది. డాక్టరే అలా అన్నాడని నువ్వే ఆయనకి చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు."

"చెబుతాను," అన్నాను.

సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంది. చూపించాను.