ఉడికిన విత్తనం

నిరుడు చిల్లుల చెక్కతో అతీజా అరచేతుల మీద ముప్పై దెబ్బలు పడ్డాయి. కంపెనీ పత్తి చాళ్ల మధ్య తిండికని నాలుగు జొన్న గింజలు నాటిందట, అదీ నేరం. కొట్టిన సిపాయి ముకపేరా మా ఊరివాడే. అందరం చూశాం. మళ్లీ పత్తి చాళ్లలోకే వంగాం. ఆ వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. ఆకలి రోజుల్లో ఆమె చంటిది పోయింది.

మగాళ్లను రోడ్డు పనికీ తోటలకూ తాళ్లు కట్టి తోలుకుపోయారు. అయినా కూలీలు చాలడం లేదట. ఆడవాళ్లే పత్తి పండించాలని కంపెనీ దొర హుకుం.

ఈ ఏడు కంపెనీ పత్తి విత్తనాల మూట దిగగానే ముహీవా అవ్వ అంది, "ఉడకేసి నాటుదామే."

"దొరికితే చంపుతారు ముసలీ!" అంది నసీలా.

"మొలవకపోతే తప్పు నేలది. నేలని ఏ చెక్కతో కొడతాడో చూద్దాం."

చాన్నాళ్లకు నవ్వాం. కుండలు పొయ్యెక్కాయి. మర్నాడు సిపాయి కళ్లముందే, పాడుకుంటూ విత్తాం.

వాన పడి పది రోజులైనా ఒక్క మొలక కనిపించలేదు. దొర మట్టి నలిపి చూశాడు. "చచ్చిన నేల. జొన్నే వేసుకోనీ" అన్నాడు.

అంతలో ముకపేరా కేక: "దొరా! ఇక్కడ మొలిచింది!"

అది నసీలా చేను. భయపడి చారెడు పచ్చి గింజలు కలిపింది. దొర పక్క చేలో గింజ తవ్వి నలిపాడు. పిండిలా విడిపోయింది.

"ఉడకెయ్యమంది ఎవతె? చెప్తే నిన్నొదిలేస్తా."

నసీలా అతీజా వేళ్ల వంక చూసింది. వంగి మొలకలన్నీ పీకి పారేసింది. "నేనే" అని అరచేతులు చాపింది.

"దానికంత తెలివెక్కడిది? నేను" అంది అవ్వ.

"నేను" అంది అతీజా.

అలా అందరం వరస కట్టాం. దొర సైగ చేస్తే ముకపేరా చెక్క పట్టుకుని ముందుకొచ్చాడు.

"కానీరా అబ్బాయ్, మీ అమ్మ నా వెనకే ఉంది" అంది అవ్వ. తల్లి చేతులు చాపేసరికి ముకపేరా చేతిలో చెక్క జారింది. దొరే తీసుకుని అందరినీ కొట్టాడు, రొప్పుతూ, పొద్దు వాలేదాకా.

అవ్వను తాడు కట్టి లాక్కుపోయారు. మలుపు దగ్గర వెనక్కి తిరిగి అరిచింది: "ఏడుస్తూ కూచోకండే, నేల పదును ఆరిపోద్ది!"

మా వేళ్లు ముడుచుకోవడం లేదు. మడమలతో గుంటలు తీశాం. మోచేతుల మధ్య చేటలు పట్టుకుని, ఆ పత్తి చాళ్లలోనే జొన్న వేశాం.