అక్క గదిలో ఒక నిమిషం

ఫోటోలు తీసేవాళ్ళకి పత్రికలో కాలం చెల్లిందని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఫోటోగ్రాఫరు ఫ్లాష్ పక్కన కుర్చీలు మాత్రం ఒక్కొక్కటే ఖాళీ అవుతూ వచ్చాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సభలో కునుకు తీస్తున్న మంత్రి మొహం మీద ఫ్లాష్ కొట్టి ఆయన్ని నిద్రలేపిన నాటినుంచి ఆఫీసులో అందరికీ అతను ఫ్లాషే. అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇప్పుడు ఆ జీతానికే ఎసరొచ్చింది. ఉత్త ఫోటోలు ఎవరూ చూడరట. వాటి వెనక మాటలుండాలట, చప్పుళ్ళుండాలట.

అప్పుడే వీడియో డెస్కు అమ్మాయి అతనికి ఒక ప్రకటన చూపించింది. ఫోటోలూ శబ్దమూ కలిపి కథనాలు చేసేవాళ్ళని ఒక సంస్థ ఏడాదిపాటు పోషిస్తుందట. నమూనాకి ఒక్క కథనం పంపితే చాలు. అది దక్కితే ఆఫీసువాళ్ళు కుర్చీ తీసేసినా బెంగ లేదు. దక్కకపోతే పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసుకుని బతకాలి. అందులో తప్పేం లేదు గానీ, దండలు మార్చుకునేవాళ్ళని నవ్వమని బతిమాలడం తనవల్ల కాదని అతనికి తెలుసు.

కథనం కోసం కాళ్ళరిగేలా తిరగనక్కర్లేకపోయింది. అతని సొంత అక్క, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో బస్టాండు మైకులో చెప్పే ఉద్యోగి. ఊళ్ళో ఆవిడ గొంతు ఎరగనివాళ్ళు లేరు, ముఖం ఎరిగినవాళ్ళూ లేరు. ఎండ పడుతోందని ఆ గది అద్దాలకి నల్లరేకు అంటించారు. లోపలివాళ్ళకి బయటంతా కనిపిస్తుంది, బయటినుంచి చూస్తే ఎవరి ముఖం వాళ్ళకే కనిపిస్తుంది. నెలాఖరు దాటితే ఆ గదిలో మనిషి ఉండదు, రికార్డు చేసిన గొంతే అన్నీ చెబుతుంది. అక్కని పాసుల కౌంటరుకి మార్చారు.

ఏదైనా రెండుసార్లు చెప్పడం అక్కకి అలవాటు. మొదటిసారికి ఎవరో ఏదో చెబుతున్నారని తెలుస్తుందట, రెండోసారికి గానీ అదేమిటో బుర్రకెక్కదట. ఇంట్లోనూ అదే వరస. పెళ్ళయిన కొత్తలో స్నానానికి నీళ్ళు పెట్టానని రెండుసార్లు వినేసరికి, రెండుసార్లు చెయ్యాలి కాబోలనుకున్నానని బావ ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతాడు.

డెస్కు అమ్మాయి అతనికి రికార్డరు వాడకం నేర్పుతూ ఒక సంగతి మరీమరీ చెప్పింది. ప్రతి గదికీ దానిదంటూ ఒక సన్నటి హోరు ఉంటుంది. మాటలన్నీ అయ్యాక ఒక నిమిషంపాటు ఎవరూ నోరు మెదపకుండా, కుర్చీ కదపకుండా ఆ హోరుని పట్టుకోవాలి. తర్వాత మాటల ముక్కలు కలిపేటప్పుడు అతుకులు తెలియకుండా దాన్ని అడుగున పరుస్తారు. అది లేకపోతే మిగతాదంతా దండగ.

అక్క ఆఖరి రోజు సాయంత్రం ఫ్లాష్ ఆ గదిలో చేరి చేతినిండా పని చేశాడు. స్విచ్చి మీద ఆవిడ వేలు, మైకు ముందు పెదవులు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, ఏదీ వదల్లేదు. ఏటవతలికి వెళ్ళే బస్సు గురించి అక్క రెండుసార్లు చెప్పి, స్విచ్చి కట్టేసి, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. అదే ఆవిడ ఆఖరి ప్రకటన. అతను కెమెరా బల్ల మీద పెట్టేశాడు.

"ఒక్క నిమిషం, అక్కా. ఏం జరిగినా ఉలకొద్దు, పలకొద్దు. నా బతుకు నీ చేతిలో ఉంది" అన్నాడు.

నిమిషం సగమైనా కాకుండానే, సంచి భుజాన వేసుకుని ఒకావిడ గబగబా వచ్చి అద్దం మీద కొట్టింది. ఏటవతలి బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది. అక్క కుర్చీలోంచి సగం లేచింది. ఫ్లాష్ అరచెయ్యి చూపించాడు. అక్క కూర్చుంది. బయటావిడ మళ్ళీ కొట్టింది, లోపల ఎవరైనా ఉన్నారా అని మళ్ళీ అడిగింది. చివరికి అద్దంలో తన ముఖం తనే చూసుకుని, చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుని, బస్సు లేనివైపు నడిచింది.

నిమిషం అయిందో లేదో అక్క చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. అప్పటికే బస్సు గేటు దాటుతోంది. ఆ రోజుకి అటు అదే ఆఖరు. ఆస్పత్రిలో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి వెళ్తున్న మనిషట. అక్క ఆవిడని ఇంటికి తీసుకెళ్ళి, అన్నం పెట్టి, పడకేసి, పొద్దున్నే మొదటి బస్సెక్కించింది. తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది.

మర్నాడు ఆఫీసులో రికార్డరు పెట్టి విన్నారు. అక్క మాటల నిండా టకటకమని కెమెరా చప్పుడే. ఇన్నేళ్ళుగా కంటితో బతికిన మనిషికి తన వేలు చేసే గోల చెవిన పడనే లేదు. శుభ్రంగా ఉన్నది ఆ ఒక్క నిమిషమే. అద్దం మీద చప్పుడు విని డెస్కు అమ్మాయి నిటారుగా కూర్చుంది. కథనం చివర అక్క ఖాళీ కుర్చీ ఫోటో పెట్టి, దాని కింద ఈ చప్పుడు వినిపిస్తే చాలంది. అద్దం తట్టే మనిషి, పలికే దిక్కులేని గది. చూసినవాళ్ళకి కళ్ళు చెమర్చకపోతే అడగమంది. ఆఖరి ప్రకటన ఒక్కటీ అక్కచేత ఇంకోసారి చెప్పించుకు రమ్మంది.

సాయంత్రం అక్క ఇంట్లో అతను నీళ్ళు నములుతూ విషయం బయటపెట్టాడు.

"లేని బస్సుని నేను పిలవను. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పిలవలేదు" అంది అక్క. తర్వాత చెయ్యి చాపింది. "ఆ నిమిషం వినిపించు."

వినిపించాడు. డెస్కు అమ్మాయి ఆలోచన కూడా దాచకుండా చెప్పాడు. అక్క ఆ అద్దం చప్పుడు రెండుసార్లూ వింది.

"బాగుందిరా. ఏడుపొస్తుంది ఎవరికైనా. కానీ ఆ గదిలో మనిషి ఉంది. నేనున్నాను. పలక్కుండా ఆపింది మిషను కాదు."

అతను తల వంచుకున్నాడు. ఆవిడ మాటలో పూచికపుల్లంత అబద్ధం లేదు. నిన్నటినుంచీ తను ఎవరి ముందూ అనకుండా దాటేస్తున్నది అదే.

"వాడుకో. నేను వద్దనను. ఎందుకు పలకలేదో కూడా నీ నోటితోనే చెప్పు."

"అది చెబితే ఈ అవకాశం నాకు రాదక్కా. అడ్డం పడి చెడగొట్టినవాడికి ఎవరిస్తారు?"

"రాకపోతే రాలేదని మీ బావకి నేను చెబుతాలే. రెండుసార్లు."

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ, అక్క రికార్డరు అతని ముందుకి జరిపింది. దాన్ని మరీ మూతికి ఆనించొద్దంది. ఊపిరి తీసుకుని మొదలుపెట్టమంది, మాట చివర మింగెయ్యొద్దంది. ఎన్నో వేల మొహాలకి కెమెరా ఎక్కుపెట్టిన మనిషికి అరచేతిలో పట్టేంత రికార్డరు ముందు చెమటలు పట్టాయి.

"లోపల మనిషి ఉంది. ఆమెని పలకొద్దన్నది నేను. నావల్ల ఒకావిడకి ఆఖరి బస్సు తప్పిపోయింది" అన్నాడు గబగబా, బడిలో పాఠం అప్పజెప్పినట్టు.

రికార్డరు ఆపబోతుంటే అక్క అతని చెయ్యి పట్టుకుంది. రెండోసారి చెప్పమన్నట్టు రెండు వేళ్ళు ఎత్తి చూపించింది.

అతను మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి "ఆఖరి బస్సు" దగ్గర ఆగి, రికార్డరు కట్టెయ్యబోయాడు. అక్క తొందరపెట్టలేదు, రికార్డరు ఆపనివ్వలేదు. అతను మాట పూర్తిచేసేదాకా చెయ్యి వదలకుండా కూర్చుంది.