చీపురు బొమ్మ

“కాళ్ళు కాస్త పైకెత్తండి” అన్నాను, నా తడిగుడ్డ ఆయన కుర్చీ దాకా వచ్చేసరికి. తెర మీంచి చూపు తిప్పకుండానే ఆయన రెండు కాళ్ళూ గాల్లోకి లేపారు. నేను కుర్చీ కింద తుడిచి అవతలికి జరిగాక కూడా కాసేపు అలాగే ఉంచారు. దించొచ్చని ఎవరూ చెప్పలేదు కదా మరి!

“నేనూ శుభ్రమే చేస్తున్నాను. నీ పని కంటికి కనబడుతుంది, నాది కనబడదు. అంతే తేడా” అన్నారు.

ఆదివారం పొద్దున్న ఆయన చేసే శుభ్రం అది. హాల్లో కిటికీ పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చుని, చీపురు బొమ్మ ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ తెరుస్తారు. పెద్ద బటన్ నొక్కుతారు. ఒక ఆకుపచ్చ గీత అడ్డంగా పాకుతూ పోతుంది. దాని కింద “రిజిస్ట్రీలో తప్పులు” అంటూ అంకె గిర్రున పెరుగుతుంది. వందలు దాటి వేలల్లో పడ్డాక తెర ఎర్రబడి, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉందని హెచ్చరిస్తుంది. అప్పుడాయన తీరిగ్గా “అన్నీ సరిచెయ్యి” అన్నది నొక్కుతారు. తెర మళ్ళీ పచ్చబడుతుంది. ఆయన ఒళ్ళు విరుచుకుని, కాఫీ తాగే హక్కు సంపాదించుకున్నట్టు వంటింటి వైపు చూస్తారు.

“ఇదంతా వారమంతా నువ్వు పోగేసిన చెత్తే. ఎప్పుడు చూడు, టకటకా కొడుతూనే ఉంటావు. స్లో అవక చస్తుందా?”

ఆ టకటక నా ఉద్యోగం. డాక్టర్లు రోగుల గురించి మాట్లాడి రికార్డు చేసిన గొంతులు నాకు వస్తాయి. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, విన్నది విన్నట్టు రిపోర్టుగా టైపు చేసి పంపాలి. చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి గొంతుని ఆపడానికీ వెనక్కి తిప్పడానికీ కాలి కింద కుట్టుమిషన్ తొక్కుడులాంటి పెడల్ ఒకటి ఉంటుంది. ఒక డాక్టరు ఆవలిస్తూ చెప్తాడు. ఇంకొకావిడ మెట్లెక్కుతూ ఆయాసపడుతూ చెప్తుంది. వాళ్ళు మింగేసిన మాటలు పట్టుకోవడమే నా పనితనం. “మా ఆవిడ ఇంట్లో ఊరికే కూర్చోలేక ఏదో టైపు కొట్టుకుంటుంది” అని ఆయన తన ఆఫీసువాళ్ళతో అంటుంటే, వాళ్ళకి పకోడీల పళ్ళెం అందిస్తూ నేను కూడా నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ ఆదివారం మాత్రం అత్తయ్య సోఫాలోంచి తల చాపి తెర వైపు చూశారు. “అన్ని తప్పులా?” అన్నారు.

“అవునమ్మా. వెయ్యి పైనే.”

“మరి నిన్న రాత్రి దాకా బానే పని చేసిందిగా! అన్ని తప్పులుంటే ఎలా చేసిందిరా?”

“నీకు తెలీదులే అమ్మా.”

అత్తయ్య తల వెనక్కి తీసుకున్నారు. తెలీదన్న మాట ఆవిడకి అలవాటే, నాకూ అలవాటే. కానీ ఆ ప్రశ్న మాత్రం నాతో పాటు వంటింట్లోకి వచ్చేసింది. నిజమే కదా! నా ఒంట్లో వెయ్యి రోగాలుంటే నేను పొద్దున్నే లేచి ఇల్లు తుడుస్తానా? ఆయన సరిచేసిన ఆ వెయ్యీ ఏమిటి? ఒక్కటైనా ఎప్పుడన్నా తెరిచి చూశారా? ఇన్నేళ్ళుగా ఈ కంప్యూటర్ నెమ్మదించినప్పుడల్లా కారణం నేనే అని విని విని, నేనూ అదే నమ్మేశాను. అందుకే కీబోర్డు మీద వేళ్ళు కూడా మెల్లగా వేసేదాన్ని, గట్టిగా కొడితే అదేదో అరిగిపోతుందన్నట్టు. ఎవరి మాట నమ్మి అలా చేశానో ఎన్నడూ ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే మొదటిసారి నాకు కోపం రాలేదు, ఏడుపు రాలేదు, తెలుసుకోవాలనిపించింది. కోపం కన్నా అది ఎంత తేలిగ్గా ఉందో!

ఆయన ఆఫీసుకి వెళ్ళాక చీపురు బొమ్మ నొక్కాను. ముందురోజే పరిశుభ్రమైన కంప్యూటర్ అది. గీత పాకింది. మళ్ళీ తప్పులు దొరికాయి, కొన్ని వందలు. సరిచెయ్యమన్నాను, చేసింది. వెంటనే మళ్ళీ నొక్కాను. మళ్ళీ దొరికాయి. ఈ మధ్యలో నేను ఒక్క అక్షరం కూడా టైపు చెయ్యలేదు. మా చిన్నప్పుడు మా వీధిలో ఒక పెద్దావిడ ఉండేది. ఎంత ఊడ్చిన వాకిట్లోనైనా ఒక గడ్డిపోచ చూపించేది. ఆవిడ గుర్తొచ్చి ఒక్కదాన్నే పకపకా నవ్వాను. అత్తయ్య ఏమైందని అడిగితే చెప్పాను. ఆవిడా నవ్వారు.

తర్వాత నా పద్ధతిలో వేగం చూశాను. కంప్యూటర్ ఆన్ చేసి, అదే సమయానికి చిన్న మంట మీద పాలు పెట్టాను. శుభ్రానికి ముందు, పాలు పొంగి నేను దించాక గాని నా టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. ఇంకోరోజు అదే గిన్నె, అన్నే పాలు, శుభ్రం చేసిన వెంటనే చూశాను. అప్పుడూ పాలే గెలిచాయి. అత్తయ్య స్టవ్ దగ్గర నిలబడి, “పొంగాయే!” అని కేకేసేవారు. ఆవిడ అంత హుషారుగా ఉండడం మామయ్య పోయాక నేను చూడలేదు.

ఈ సంగతి ఆయనతో ఒకసారి అన్నాను. “శుభ్రం చేసినా వేగం ఏం పెరగట్లేదండీ.”

“పాలతో కొలుస్తావా కంప్యూటర్ని?” అని గట్టిగా నవ్వారు. ఆ తర్వాతి ఆదివారం ఆయన ఇంకో మెట్టు పైకెక్కారు. మామూలు శుభ్రం కాదు, “లోతైన శుభ్రం” అని ఒకటుందట, అది చేశారు. మార్చేముందు పాతది దాచిపెట్టమంటారా అని అది అడిగితే, చోటు దండగ అని వద్దన్నారు.

సోమవారం నా టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. ఏదో భాగం కనబడటం లేదని ఒక చిన్న గడి వచ్చి నిలబడింది. పెడల్ తొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అప్పటికే ఒక గుండె రోగి రికార్డు వచ్చి ఉంది. ఆ మనిషిని సాయంత్రం ఇంకో ఆసుపత్రికి మార్చాలి, రిపోర్టు వెంట వెళ్ళాలి.

ఆయనకి ఫోన్ చేశాను.

“ఏం నొక్కావు?”

“ఏమీ నొక్కలేదండీ. తెరిచానంతే.”

“ఊరికే ఎందుకు పాడవుతుంది? ఏదో నొక్కే ఉంటావు. నేనొచ్చి చూస్తాలే, ముట్టుకోకు.”

“సాయంత్రంలోపు పంపాలి.”

“పంపకపోతే ఏం కొంపలు మునుగుతాయి?”

ఫోన్ పెట్టేశాను. మా పని పంచే ఆవిడకి చేశాను. మేమందరం ఆవిణ్ణి వెనకాల ‘గడియారం’ అంటాం. సంగతి విని ఆవిడ ఒక నిట్టూర్పు విడిచింది. “మేడమ్, మీ సిస్టమ్ మొన్న కూడా ఇలాగే మొరాయించింది. నేనే సర్దాను. ఈసారి పైవాళ్ళకి చెప్పుకోవాల్సి వస్తుంది. మధ్యాహ్నం దాకా చూస్తాను. ఆ తర్వాత ఈ రికార్డుతో పాటు మీ పని మొత్తం వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకండి.”

మొన్న మొరాయించినప్పుడు కూడా ఆయన నన్నే అన్నారు, నేను ఆవిడకి క్షమాపణ చెప్పాను, నా పొరపాటేనని. అదీ ఆదివారం మర్నాడేనని ఇప్పుడు తట్టింది. ముట్టుకోకు అన్న మాట చెవిలో ఇంకా ఉంది. పెళ్ళయిన కొత్తలో స్కూటర్ని ముట్టుకోకు అన్నారు, తర్వాత ఫ్యూజుల పెట్టెని, ఆ తర్వాత బ్యాంకు కాగితాల్ని. ఒక్కోటీ ప్రేమతోనే అన్నారు, నీకెందుకు శ్రమ అని. ఆ ప్రేమ వల్ల నాకు తెలియకుండా పోయినవన్నీ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. వాటి గురించి దుఃఖపడే తీరిక లేదు. కుక్కర్ ఎక్కించి, ఫోన్ తీసుకుని చదవడం మొదలుపెట్టాను.

ఎంత సులువుగా రాశారో! రిజిస్ట్రీ అంటే కంప్యూటర్ తన కోసం తాను రాసిపెట్టుకునే గుర్తులట. ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడుంది, ఏ పరికరం దేనితో కలుస్తుంది, ఎవరికి ఏ అక్షరాలు ఇష్టం, అన్నీ. ఏదైనా సాఫ్ట్‌వేర్ తీసేసినప్పుడు దాని తాలూకు గుర్తులు కొన్ని మిగిలిపోతాయి. అవి ఒక మూల పడి ఉంటాయి, ఎవర్నీ ఏమీ అనవు. కంప్యూటర్ తనకి కావలసిన గుర్తు దగ్గరికి నేరుగా వెళ్ళి చూసుకుంటుంది కాబట్టి అవి ఉన్నా దాని నడక తగ్గదు, పోయినా పెరగదు. చీపురు బొమ్మలు తప్పులని లెక్కపెట్టేవి ఎక్కువగా ఇవే. వాటితో పాటు పొరపాటున ఒక్క అవసరమైన గుర్తు ఊడ్చేసినా ఏదో ఒకటి ఆగిపోతుంది, ఒక్కోసారి కంప్యూటరే లేవదు. ఇలాంటివి వాడమని మేము చెప్పం, పాడైతే మా పూచీ లేదు అని కంప్యూటర్ని నడిపే సిస్టమ్‌ని తయారుచేసినవాళ్ళే అంటున్నారట. లాభం లేదు, ముప్పు మాత్రం ఉంది. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. నిజంగా వేగం కావాలంటే ఆన్ చెయ్యగానే తమంతట తాము లేచి కూర్చునే సాఫ్ట్‌వేర్లు తగ్గించుకోండి అని కూడా ఉంది. అలా లేచి కూర్చునేవాటిలో మా చీపురు బొమ్మే మొదటిది!

కంప్యూటర్ని కొన్నిరోజుల కిందటి స్థితికి వెనక్కి తీసుకెళ్ళొచ్చని చదివాను. రాసుకున్న రిపోర్టులకి ఏమీ కాదన్నారు. అయినా వాటిని ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. తర్వాత శుక్రవారం నాటి స్థితిని ఎంచుకుని, అవునని నొక్కాను. తెర నల్లబడింది. ఇంతలో అత్తయ్య వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డారు.

“వాడు ముట్టుకోవద్దన్నాడుగా?”

“అన్నారు.”

ఆవిడ వంటింటి వైపు తిరిగారు. “కుక్కర్ నేను చూసుకుంటాలే” అని వెళ్ళిపోయారు.

తెర వెలిగింది. పెడల్ మీద కాలు ఆనించాను. చెవుల్లో ఆవలించే డాక్టరు గొంతు మొదలైంది, “రోగి వయసు...” అంటూ. అంత తియ్యని గొంతు నేను జన్మలో వినలేదు. మధ్యాహ్నం కాకముందే రిపోర్టు పంపి, గడియారానికి జరిగిందంతా రాశాను. ఈసారి క్షమాపణ రాయలేదు. ఎందుకు పాడైందో రాశాను, ఎలా బాగుచేశానో రాశాను. తర్వాత చీపురు బొమ్మని కంప్యూటర్లోంచి తీసేశాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తే, స్టవ్ మీద పాలు ఇంకా నురగ కూడా కట్టకముందే నా టైపింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. వంటింట్లోంచి అత్తయ్య, “ఓడాయే పాలు!” అన్నారు.

సాయంత్రం ఆయన బూట్లు విప్పుతూనే కంప్యూటర్ ముందుకొచ్చారు. “బొమ్మేదీ?”

“తీసేశాను. దానివల్లే పాడైంది.”

“ఎవర్నడిగి తీశావు?”

“పెట్టేటప్పుడు మీరెవర్నడిగారు?”

ఆయన నా వైపు చూశారు, కొత్త మనిషి ఇంట్లోకొచ్చినట్టు. నేను చదివింది చూపించాను. చదివారు. మళ్ళీ పైనుంచి చదివారు. “మరి వారం వారం నేను కూర్చుని చేసిందంతా?” అన్నారు. ఆ గొంతులో అధికారం లేదు, బేలతనం ఉంది. జాలేసింది. కానీ జాలిపడి అబద్ధం చెప్పే అలవాటు ఆ రోజుకి ఆపేశాను.

“కష్టపడ్డారండీ. ఎందుకో మాత్రం ఎప్పుడూ కనుక్కోలేదు.”

“పోనీలేరా,” అన్నారు అత్తయ్య, “శుభ్రం మీద అంత మోజుంటే ఫ్యాన్లున్నాయి, బూజులున్నాయి.” ఆయన రెండురోజులు ముభావంగా ఉన్నారు. నేను అన్నం పెట్టాను, మాట్లాడించాను, కాని చీపురు బొమ్మని తిరిగి పెట్టమని ఆయన అడిగితే మాత్రం పెట్టలేదు. కంప్యూటర్‌కి ఒక పాస్‌వర్డ్ పెట్టి, వాడుకోవడానికి ఆయనకి వేరే గది కేటాయించినట్టు వేరే ఖాతా తెరిచి ఇచ్చాను. అందులోంచి నా పనిని ఎవరూ కదపలేరు.

గడియారం నుంచి మూడోరోజు ఫోన్ వచ్చింది. పని తీసేస్తుందేమో అనుకుంటూనే ఎత్తాను. “మేడమ్, మీరు రాసింది మిగతావాళ్ళకి పంపాను. నలుగురైదుగురి ఇళ్ళల్లో ఇదే గోల. ఒకావిడకి వాళ్ళ మరిది పెట్టాడట, ఇంకొకావిడకి కొడుకు. శనివారం అందరినీ ఫోన్లో కలుపుతాను, మీరు చెప్తారా?”

నేనా? చెప్పడమా? అలవాటు కొద్దీ, మావారిని అడిగి చెప్తానండీ అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. “చెప్తాను” అన్నాను.

శనివారం మధ్యాహ్నం హాల్లోనే కూర్చున్నాను. అత్తయ్య టీవీ గొంతు తగ్గించారు. ఆయన మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి, తాగడం మర్చిపోయి తలుపు దగ్గర నిలబడిపోయారు. హెడ్‌ఫోన్‌లో ఒక్కొక్కరుగా ఆడగొంతులు చేరుతున్నాయి. ఒకరి వెనక మిక్సీ, ఒకరి ఒళ్ళో పసిపిల్ల ఏడుపు, ఇంకొకరిది గుసగుస, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టున్నారు. రిజిస్ట్రీ అంటే ఏమిటో చెప్పాను. పాల సంగతి చెప్తే అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక ఆ గుసగుస గొంతే అడిగింది:

“మేడమ్, మరి మా కంప్యూటర్లో అలాంటిది ఉందో లేదో ఎలా తెలుస్తుంది? సాయంత్రం మావారొచ్చాక అడగనా?”

“సాయంత్రం దాకా ఎందుకమ్మా,” అన్నాను. “ఇప్పుడే, నువ్వే తెరిచి చూడు.”