నాలుగు వందల ఏళ్ల కరువు

ఆమెకు బురదమ్మ అని పేరు పెట్టింది మాస్టారే. ల్యాబులో చేరిన మొదటి వారం, సరస్సు అడుగు నుంచి తీసిన మట్టి గొట్టం చేతిలోంచి జారి ఒళ్లంతా ఖరాబైతే, అందరి ముందూ అలా పిలిచి నవ్వారు. పదహారేళ్లు గడిచాయి. మాస్టారు రిటైరయ్యాక ఆ ల్యాబుకు ఆమే పెద్ద అయింది. అయినా చాటున అందరూ ఆమెను పిలిచేది ఆ పేరుతోనే.

మాస్టారి కీర్తంతా ఒక్క పొర మీద నిలబడింది. సరస్సు మధ్యలో తెప్పలాంటి పంటు కట్టి, అడుగున పదకొండు మీటర్ల లోతుకు గొట్టాలు దించి, పైకి లాగి నిలువునా కోస్తే, నల్లటి మట్టి మధ్య జానెడు మందాన బూడిదరంగు పట్టీ కనిపించింది. ఏడాదికి అర మిల్లీమీటరు చొప్పున పేరుకునే మట్టి అది. అందుకని జానెడంటే నాలుగు వందల ఏళ్లని ఆయన లెక్కగట్టారు. అన్నేళ్లూ వానల్లేక, అడవి చచ్చి, గాలికి ఎగిరిన దుమ్మే ఆ పట్టీ అన్నారు. ఆ కరువు పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది.

ఈ ఏడు ఆమె ఆ పట్టీకి సరిగ్గా కిందున్న ఆకు ముక్కనూ, సరిగ్గా పైనున్న గింజనూ కార్బన్ పరీక్షకు పంపింది. రెండింటి వయసూ ఒకటే అని తేలింది. అంటే కరువూ లేదు, కాటకమూ లేదు. ఒకనాడు కొండచరియ విరిగి సరస్సులో పడింది, అంతే.

పక్షవాతంతో మాస్టారికి మాట పడిపోయి ఏడాదైంది. సోమవారం ల్యాబు కొత్త భవనానికి ఆయన పేరు పెడుతున్నారు. అది తెలిసే ఆమె శనివారం పొద్దున ఆయన ఇంటికి వెళ్లింది. ఆమె తల్లి పోయిందని కబురొచ్చిన రోజున, "మట్టి ఆరిపోతుంది, కోసేసి వెళ్లు" అన్న మనిషి ఆయన. కోసి వెళ్లేసరికి అక్కడ అంతా అయిపోయింది. ఇప్పుడు ఈ మాట వింటున్నప్పుడు ఆ ముఖం ఎలా ఉంటుందో ఆమెకు కళ్లారా చూడాలనిపించింది.

అమ్మగారు చెంచాతో భర్తకు పాలు పడుతున్నారు. ఆమె బాల్కనీ కుండీలోంచి పిడికెడు మట్టి తెచ్చి, గాజుగ్లాసు నీళ్లలో కలిపి, ఆయన కళ్లెదురుగా పెట్టింది.

"చూడండి మాస్టారూ. గరుకుది ముందు దిగింది, మెత్తనిది పైన నిలిచింది. మీ పట్టీ కూడా అచ్చం ఇంతే. ఒక్క పూటలో పడింది. మీ కరువంతా ఒక్క పూట!"

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా?" అన్నారు అమ్మగారు.

"భవనం మీదికి పేరెక్కాక ఊడబీకడం కష్టం కదండీ."

అమ్మగారి చేతిలో చెంచా ఆగిపోయింది. ఆయన కన్ను చెమ్మగిల్లుతుందేమోనని ఆమె చూస్తూ కూచుంది. ఆయన ఎడమచేత్తో పక్కనున్న పలక అందుకుని వంకర అక్షరాలతో రాశారు.

తెలుసు.

చెరిపి మళ్లీ రాశారు. రెండో ఏడు. ఆకు. నువ్వే పారేశావు.

చదువుకునే రోజుల్లో పట్టీ కింద అలాంటి ఆకే ఒకటి దొరికిన మాట నిజం. ఆ సంగతి మర్చిపోయానని ఇన్నేళ్లూ తనకు తాను నచ్చజెప్పుకుంది.

"మీరేగా పారెయ్యమన్నది!"

రాసింది నువ్వు, అని పలక చెప్పింది.

'ఆకు ముక్క, అనవసరం, తీసేశాను' అని రిజిస్టరులో తన చేత్తో రాసి సంతకం పెట్టింది. కరువు తర్వాత అడవి ఎలా తిరిగొచ్చిందన్న పుస్తకానికే డాక్టరేటు తెచ్చుకుంది. ఆ పుస్తకం పట్టుకుని నలుగురు పిల్లలు ఆమె దగ్గర పరిశోధన చేస్తున్నారు.

"బీరువాలో ఉన్న రిజిస్టరేనా? తియ్యమంటారా?" అని అమ్మగారు నెమ్మదిగా అడిగారు.

ఆయన వద్దన్నట్టు తల ఊపారు. సగం నోరు పైకి లేచింది. అది పక్షవాతం వంకర కాదు.

సోమవారం వేదిక మీద ఆమె నలభై నిమిషాలు కరువు గురించి మాట్లాడింది. ముందు వరసలో చక్రాల కుర్చీలోంచి ఆయన రెప్ప వేయకుండా విన్నారు. ఆ కరువు అబద్ధమని రాసి పెట్టుకున్న వ్యాసాన్ని ఆమె ఎక్కడికీ పంపలేదు.

మూడు నెలలకు మాస్టారు పోయారు. పదిహేను రోజులు ఓపిక పట్టి ఆమె వెళ్లింది.

"అమ్మగారూ, ల్యాబు రిజిస్టర్లు ఏవైనా ఉంటే పట్టుకెళదామని..."

"తొందరేముందమ్మా? నా దగ్గర భద్రంగానే ఉంటుంది. శనివారాలు నీకు సెలవే కదా? అప్పుడొచ్చి నాకు తోడుగా కూచుని పో. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను."

ఆమె ప్రతి శనివారం వెళ్లడం మొదలుపెట్టింది. తన కూతురి పుట్టినరోజు శనివారం వచ్చినా వెళ్లింది. అమ్మగారు వడ్డిస్తూ మాస్టారి గొప్పతనం చెబుతుంటారు. సాయంత్రం అయిదింటి దాకా ఆమె ఊ కొడుతూ ఉంటుంది.