చెన్నకేశవులు పోయాడట

తన చావు సంగతి చెన్నకేశవులు మొదటిసారి విన్నది గడ్డం గీసుకుంటుండగా.

వసారాలో ఎవరో అమ్మాయి గొంతు వినిపించింది. పరామర్శకొచ్చినట్టు మెత్తగా ఉంది. "బాధగానే ఉంటుందమ్మా, తెలుసు. అయినా అడగాలి. మీ ఆయన పోయే ముందు ఎన్నాళ్ళు మంచంలో ఉన్నారు?"

"ఎవరు పొయ్యే ముందు?" అంది ఆయన భార్య రంగనాయకమ్మ. "ఇందాకేగా టీ తాగాడు!"

చెన్నకేశవులు సగం గడ్డానికి నురగతోనే బయటికొచ్చాడు. ఆ అమ్మాయి ఆయన్ని చూసింది, చేతిలో టాబ్లెట్ చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. టాబ్లెట్ జారబోయి ఆగింది.

"నువ్వు పెద్దవయసోళ్ళ పరీక్షల అమ్మాయివి కదూ? రామ్మా, మీ కోసమే చూస్తన్నా."

ఆమె పేరు తహసీన్, నరసరావుపేట. క్రోసూరు పక్కనున్న ఈ ఊళ్ళో కొంతమంది ముసలివాళ్ళని ఎంచుకుని, మూడేళ్ళకోసారి వాళ్ళనే వెతుక్కుంటూ వస్తారు ఈ పరిశోధనవాళ్ళు. నిద్ర, తిండి, జ్ఞాపకం, చేతి పట్టు, నడక అన్నీ కొలుస్తారు. వయసు ఎవరిని ఎలా వంచుతుందో, ఎవరు ఎందుకు వంగకుండా ఉంటారో తేల్చాలని. మొదటి విడతలో చెన్నకేశవులు ఉన్నాడు. రెండో విడతకి ఊళ్ళో లేడు.

ఈ విడత ఆయనకి చాలా అవసరం. మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి రంగనాయకమ్మ ఆయన్ని ఒంటరిగా మిరపచేనికి పోనివ్వడం లేదు. రోజూ గొడవే. చివరికి ఆమే ఒక మాటంది. "నా మాటొద్దు, నీ మాటొద్దు. ఆ పరీక్షలోళ్ళొచ్చి నీ నడక బాగుందంటే పో. లేదంటే గడప దాటమాక." అప్పటి నుంచి చెన్నకేశవులు దొడ్లో నడక సాధన చేస్తూనే ఉన్నాడు.

"తాతయ్యా, ఇందులో మీరు చనిపోయారు," అంది తహసీన్ ఇబ్బందిగా. "మీ నడక ప్రశ్నలు తెరుచుకోవట్లేదు. చావు ప్రశ్నలే తెరుచుకుంటున్నాయి."

"ఎవరు చంపారు నన్ను?"

"పోయినసారి పక్కింటి పుల్లమ్మ గారు చెప్పారని ఉంది."

చెన్నకేశవులు గోడవైపు గుర్రుగా చూశాడు. మొన్నటి ఎన్నికల్లో ఆ ఇల్లొక పార్టీ, ఈ ఇల్లొక పార్టీ. అప్పటి నుంచి మాటల్లేవు.

తహసీన్ ఆఫీసుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అవతల ఆమె పైఅధికారి విజయ్ కుమార్. "చనిపోయారని చెప్పినావిడే అసలు సంగతి చెప్పాలమ్మా, ఆవిడ గొంతుతోనే రికార్డు కావాలి. సాయంత్రం ఆ ఊరి ఫైలు మూసేస్తాం."

"బతికున్నానని నేను చెప్తన్నాగదయ్యా!" అని అరిచాడు చెన్నకేశవులు.

"మీరు కాస్త పక్కకుండండి సార్. మీరెవరో నాకెలా తెలుస్తుంది?"

"పోనీ, కొత్తగా చేర్చుకో!"

"కుదరదు సార్. మొదట్నుంచీ ఉన్నవాళ్ళే కావాలి. వాళ్ళు మారిపోతే ఇన్నేళ్ళ పనికి అర్థమే లేదు."

గోడ అవతల పుల్లమ్మ ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. తహసీన్ విషయం చెప్పగానే విరుచుకుపడింది.

"నేను తప్పు చెప్పటమేంది? పోయినసారి మీ కుర్రాడొచ్చి ఈయనేడన్నాడు. పోయాడన్నా. ఎప్పుడన్నాడు. తెల్లారగట్లన్నా. మోకాళ్ళతో చానా బాధపడ్డాడు, పోవటమే మంచిదైందన్నా. పేట ఆసుపత్రికి పోలా ఆయన? పోయాడా, లేదా?"

"ఆ అబ్బాయిది మీ వైపు కాదమ్మా. పోయాడంటే చనిపోయాడనుకున్నాడు."

"అందుకా కళ్ళనీళ్ళు పెట్టుకుంది! ఎంత మంచి పిల్లగాడో అనుకున్నా."

"పొరపాటున చెప్పానని ఒక్క మాటనండి, చాలు."

"అననుగాక అనను. ఇయ్యాల తప్పని ఒప్పుకుంటే, రేపు ఓట్లప్పుడు పుల్లమ్మ అబద్ధాలకోరని మైకులో చెప్తాడు ఆ మనిషి."

చెన్నకేశవులు గతుక్కుమన్నాడు. సరిగ్గా అదే పని చెయ్యాలని ఆయన అప్పటికే నిశ్చయించుకుని ఉన్నాడు. మైకులో ఏమనాలో కూడా సగం అల్లుకున్నాడు.

ఎండ పైకొస్తోంది. చేలో కాయ కోతకొచ్చింది. మైకా, చేనా? ఆయన గోడ దగ్గరికి నడిచాడు.

"పుల్లమ్మా," అన్నాడు. ఎన్నికల తర్వాత అదే మొదటి పిలుపు. "నువ్వు చెప్పింది నిజమే. నేను పోయా. ఇందులో నీ తప్పేం లేదు, మైకులో గూడా అదే చెప్తా." తహసీన్ వైపు తిరిగాడు. "ఆమెని తప్పొప్పుకోమనమాక అమ్మాయ్. పోయినోడు తర్వాత ఏమయ్యాడో అడుగు."

తహసీన్ వెంటనే రికార్డు నొక్కింది. "చెన్నకేశవులు గారు పోయాక ఏమైందమ్మా?"

"ఏమవుద్ది? కాలు బాగు చేయించుకుని తిరిగొచ్చాడు. ఇదుగో, మూతికి నురగేసుకుని కోతి మాదిరి నా ఎదురుగానే నిలబడ్డాడు!"

రికార్డు ఆఫీసుకి వెళ్ళింది. ఫోన్‌లో విజయ్ కుమార్ చాలాసేపు దగ్గాడో, నవ్వాడో తెలియలేదు. కాసేపటికి టాబ్లెట్‌లో నడక ప్రశ్నలు తెరుచుకున్నాయి.

తహసీన్ వాకిట్లో టేపు పరిచింది. చెన్నకేశవులు పంచె ఎగ్గట్టాడు.

"పరుగు కాదు తాతయ్యా, మామూలుగా నడవండి."

"ఇదే మామూలు!"

రంగనాయకమ్మ ద్వారబంధం పట్టుకుని చూస్తోంది. ఆయన ఈ కొస నుంచి ఆ కొసకి వెళ్ళి, తూలకుండా వెనక్కి తిరిగాడు. తహసీన్ ఇంకోసారి నడిపించింది. ఇందులో పాసూ ఫెయిలూ ఉండవని ముందే చెప్పి, తర్వాత అంది. "మీ వయసుకి నడక చాలా బాగుంది."

చెన్నకేశవులు పంచె దించుకున్నాడు. భార్య వైపు చూశాడు.

"సర్లే, పో," అంది రంగనాయకమ్మ. "గట్ల మీద నడవమాక. డొంక దారినే పో."

ఆమె మనసు మారకముందే ఆయన మొహం తుడుచుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి వీధిలో పడ్డాడు.

"తాతయ్యా, ఆగండి!" అని తహసీన్ వెనక నుంచి కేకేసింది. "జ్ఞాపకశక్తి ప్రశ్నలు ఇంకా ఉన్నాయి!"

"మా ఇంటిదాన్నడుగమ్మా," అన్నాడు చెన్నకేశవులు వెనక్కి తిరక్కుండానే. "నేను మర్చిపోయినయ్యన్నీ ఆమెకి గుర్తే!"